"ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" తప్పెందుకు? హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, హ్యావింగ్ ఎక్కడ ఏది వాడాలి?

హనుమకొండ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశాను.

పోయిన ఎపిసోడ్ తర్వాత నర్సింగ్ చదువుతున్న ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. "అన్నా, డ్యూటీ మారేటప్పుడు వచ్చే సిస్టర్‌కి పేషెంట్ గురించి ఇంగ్లీష్‌లో చెప్పాలి. జ్వరం గురించి చెప్పాలంటే పేషెంట్ ఈజ్ హ్యావింగ్ ఫీవర్ అనాలా, హ్యాజ్ ఫీవర్ అనాలా, హ్యాడ్ ఫీవర్ అనాలా? మూడూ ఒకటేనా?" అని అడిగింది.

మూడూ ఒకటి కాదు చెల్లె. ఒకటి అనుకుంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఈ ఒక్క వర్బ్ వల్ల నా చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోయింది. ముందు ఆ కథ చెప్పి, తర్వాత పాఠంలోకి వెళ్దాం.

2018. నేను బీటెక్ ఫైనల్ ఇయర్. పదో తరగతి వరకు తెలుగు మీడియమే చదివాను. క్యాంపస్‌కి ఒక కంపెనీ వచ్చింది. రాత పరీక్ష అయింది, టెక్నికల్ రౌండ్ అయింది, చివరికి హెచ్ఆర్ రౌండ్. ఆయన అడిగారు: "ఎనీ బ్యాక్‌లాగ్స్?" నాకు సెకండ్ ఇయర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. థర్డ్ ఇయర్‌లోనే రెండూ రాసి క్లియర్ చేసేశాను. నిజం చెప్పాలి కదా అని ధైర్యంగా చెప్పాను: "యెస్ సర్, ఐ యామ్ హ్యావింగ్ టూ బ్యాక్‌లాగ్స్ ఇన్ సెకండ్ ఇయర్."

ఆయన తల ఊపి ఏదో రాసుకున్నారు. సాయంత్రం లిస్ట్‌లో నా పేరు లేదు. ఇంకా పాస్ కాని సబ్జెక్టులు ఉంటే తీసుకోము అని ఆ కంపెనీ రూల్. నా పేరు పక్కన "యాక్టివ్ బ్యాక్‌లాగ్స్: రెండు" అని రాసి ఉందని తర్వాత తెలిసింది. ఆయన నా మార్కుల మెమో చూసి ఉంటే సరిపోయేది, నిజమే. కానీ నా నోటి నుంచి వచ్చిన వాక్యానికి అర్థం అదే కదా! "నాకు ఇప్పుడు రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి" అని నేనే చెప్పాను. "ఐ హ్యాడ్ టూ బ్యాక్‌లాగ్స్. ఐ క్లియర్డ్ బోత్" అంటే అయిపోయేది.

రాత్రి ఇంటికొచ్చి బాపుకి చెప్పిన. మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమస్తా. పద్దులు రాయడం ఆయన పని. ఇంగ్లీష్ రాదు. అంతా విని ఒకటే అడిగిండు: "రెండు సబ్జెక్టులు ఉన్నయన్నవా, ఉండె అన్నవా బిడ్డా?"

నేను గమ్మున కూర్చున్న. ఆయనే అన్నడు: "పద్దుల బాకీ ఉన్నది అని రాస్తే రైతుని అడుగుతరు. బాకీ ఉండె అంటే తీరిపోయినట్టు. గీ తేడా మనకు తెల్వదా?"

తెలుసు. తెలుగులో తెలుసు. మరి ఇంగ్లీష్‌లోకి వెళ్లేసరికి ఆ తేడా ఎక్కడ పోయింది? ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

అసలు సంగతి ఏంటంటే, తెలుగులో హ్యావ్ అనే వర్బ్ లేదు. అవును, లేదు! ఇంగ్లీష్‌లో "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" అంటారు. మనం "నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు" అంటాం. ఇక్కడ వర్బ్ "ఉన్నారు". ఉన్నది ఎవరు? తమ్ముళ్లు. నేను కాదు. నేను "నాకు" అని పక్కకి జరిగి నిలబడ్డాను. ఇంగ్లీష్‌లో "నేను" ముందుకు వచ్చి వాళ్లని పట్టుకుంటాడు.

ఇది మనకొక్కరికే కాదు. తమిళంలో "ఎనక్కు ఒరు తంబి ఇరుక్కాన్" అంటారు, అచ్చం మనలాగే. హిందీలో "మేరే దో భాయీ హైఁ" అంటారు, అక్కడ కూడా హ్యావ్ లేదు. రష్యన్ వాళ్లు "ఉ మెన్యా యెస్త్" అంటారు, అంటే "నా దగ్గర ఉంది" అని. ఇంత పెద్ద పెద్ద భాషలు హ్యావ్ లేకుండానే బతుకుతున్నాయి. కాబట్టి ఇది తెలివి తక్కువై చేసే తప్పు కాదు, రెండు భాషల కట్టుబడిలో ఉన్న తేడా.

మరి "ఐ యామ్ హ్యావింగ్" ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తోచిన కారణం చెప్తాను. స్కూల్లో హ్యావ్ అంటే అర్థం ఏమని రాసుకున్నాం? "కలిగి ఉండు". ఐ హ్యావ్ అంటే "నేను కలిగి ఉన్నాను". ఇంట్లో ఎవరైనా "నేను ఇద్దరు తమ్ముళ్లను కలిగి ఉన్నాను" అంటారా? అంటే అమ్మ నుదురు పట్టుకుని జ్వరమొచ్చిందేమో అని చూస్తుంది! అది హ్యావ్ కోసం మనం తయారు చేసుకున్న పుస్తకాల తెలుగు. ఇప్పుడు దాన్ని తిరిగి ఇంగ్లీష్‌లోకి మార్చండి. "కలిగి" దగ్గర హ్యావింగ్, "ఉన్నాను" దగ్గర యామ్. ఐ యామ్ హ్యావింగ్! దీనికి తోడు "చేస్తున్నాను, వస్తున్నాను" అన్నీ "ఉన్నాను"తోనే ముగుస్తాయి. వాటికి ఐ యామ్ డూయింగ్, ఐ యామ్ కమింగ్ అని నేర్చుకున్నాం. అదే అలవాటులో ఇదీ వచ్చేసింది.

అంటే మనల్ని తప్పుదారి పట్టించింది మన ఇంటి తెలుగు కాదు, మధ్యలో వచ్చిన ఆ "కలిగి ఉన్నాను". దాన్ని ఈ రోజుతో డిలీట్ చేసేయండి. ఇంట్లో మాట్లాడే తెలుగు నుంచి నేరుగా ఇంగ్లీష్‌లోకి వెళ్దాం. సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే, మధ్యలో పనికిరాని కోడ్ తీసేస్తే సగం బగ్స్ పోతాయి.

సరే, మొదటి మెట్టు. తెలుగులో "ఉంది" ఒక్కటే. ఇంగ్లీష్‌లోకి వెళ్లేటప్పుడు అది మూడు దార్లుగా చీలుతుంది.

"అమ్మ ఇంట్లో ఉంది." మనకు తెలిసిన మనిషి లేదా వస్తువు ఎక్కడుందో చెప్తున్నాం. ఇక్కడ ఈజ్. "అమ్మ ఈజ్ ఎట్ హోమ్."

"టేబుల్ మీద పుస్తకం ఉంది." ఏదో ఒక పుస్తకం అక్కడ ఉందని కొత్తగా చెప్తున్నాం. ఇక్కడ దేర్ ఈజ్. "దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ది టేబుల్."

"నాకు అక్క ఉంది", "నా దగ్గర పెన్ను ఉంది", "మాకు రెండెకరాలు ఉన్నాయి." నాకు, నా దగ్గర, మాకు, వాళ్లకి అనే మాట ఉండి, దాని తర్వాత ఒక మనిషో వస్తువో ఉంటే, అది హ్యావ్ దారి. "ఐ హ్యావ్ ఎ సిస్టర్. ఐ హ్యావ్ ఎ పెన్. వి హ్యావ్ టూ ఏకర్స్."

ఇక్కడ ఒక చిన్న గుంత ఉంది, చూసి నడవండి. "నాకు ఆకలిగా ఉంది", "నాకు సంతోషంగా ఉంది" అన్నప్పుడు కూడా "నాకు" ఉంది. కానీ ఆకలిగా, సంతోషంగా అనేవి వస్తువులు కాదు, మనం ఎలా ఉన్నామో చెప్పే మాటలు. అక్కడ యామ్. "ఐ యామ్ హంగ్రీ. ఐ యామ్ హ్యాపీ." జబ్బులు మాత్రం ఇంగ్లీష్‌లో వస్తువుల లెక్కలోకి వస్తాయి. "జలుబుగా ఉంది" అన్నా "ఐ హ్యావ్ ఎ కోల్డ్" అనాలి. "ఐ హ్యావ్ ఎ హెడేక్. ఐ హ్యావ్ ఎ ఫీవర్." వయసుకి మాత్రం హ్యావ్ వద్దు. "నాకు ఇరవై ఏళ్లు" అంటే "ఐ యామ్ ట్వెంటీ."

ఐ, యు, వి, దే వస్తే హ్యావ్. హి, షి, ఇట్, లేదా ఒక్క పేరు వస్తే హ్యాజ్. "వరంగల్ ఈజ్ హ్యావింగ్ మెనీ టెంపుల్స్" కాదు, "వరంగల్ హ్యాజ్ మెనీ టెంపుల్స్." మన ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు ఉన్నాయి కదా, చూడటానికి వచ్చినవాళ్లకి చెప్పాలంటే "ది ఫోర్ట్ హ్యాజ్ ఫోర్ గేట్‌వేస్." ఆ తోరణాలు వందల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి, అదేమీ జరుగుతున్న పని కాదు. అందుకే అక్కడ హ్యావింగ్ కుదరదు.

ఇది రెండో మెట్టు. హ్యావింగ్ ఎప్పుడు రాదు, ఎప్పుడు వస్తుంది? రాండాల్ఫ్ క్వర్క్, ఆయనతో పాటు మరో ముగ్గురు కలిసి 1985లో తెచ్చిన పెద్ద ఇంగ్లీష్ గ్రామర్‌లో ఈ వర్బ్‌కి రెండు ముఖాలు చూపిస్తారు. ఒకటి స్టేటివ్, అంటే స్థితి. రెండోది డైనమిక్, అంటే జరుగుతున్న పని. స్థితికి ఐఎన్‌జీ తగిలించకూడదు, పనికి తగిలించవచ్చు.

ఈ మాటలు గుర్తుండవు అంటారా? సరే, మీ చెవిని వాడుకోండి. "నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉంటున్నారు." ఎలా ఉంది? ఎబ్బెట్టుగా ఉంది కదా. "నాకు ఒక డౌట్ ఉంటోంది." "నా దగ్గర బైక్ ఉంటోంది." ఇవి కూడా ఎవరూ అనరు. తెలుగులో "ఉంటోంది" అంటే చెవికి అడ్డం తగిలిన చోట ఇంగ్లీష్‌లో హ్యావింగ్ అడ్డం తగులుతుంది. "ఐ హ్యావ్ టూ బ్రదర్స్. ఐ హ్యావ్ ఎ డౌట్. ఐ హ్యావ్ ఎ బైక్." అంతే.

ఇప్పుడు ఇది వినండి. "ఈ మధ్య మాకు కరెంటుతో ఇబ్బందులు ఉంటున్నాయి." ఇది బాగానే ఉంది కదా? ఎందుకంటే ఇది మాటిమాటికీ జరుగుతోంది, మళ్లీ ఆగిపోతుంది కూడా. ఇంగ్లీష్‌లోనూ బాగానే ఉంటుంది: "వి ఆర్ హ్యావింగ్ పవర్ ప్రాబ్లమ్స్ దీజ్ డేస్." చూశారా, ఒకే టెస్ట్ రెండు వైపులా పనిచేసింది.

ఇంకో రకం ఉంది. హ్యావ్ అంటే అన్నిసార్లూ "ఉంది" కాదు. తినడం, తాగడం, గడపడం కూడా. "అన్నం తింటున్నాను": "ఐ యామ్ హ్యావింగ్ లంచ్." "చాయ్ తాగుతున్నాం": "వి ఆర్ హ్యావింగ్ టీ." "మస్తు ఎంజాయ్ చేస్తున్నం": "వి ఆర్ హ్యావింగ్ ఫన్." "నాలుగింటికి మీటింగ్ పెట్టుకున్నాం": "వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్ ఎట్ ఫోర్." వీటన్నిటికీ తెలుగులో "ఉంది" రాలేదు, తింటున్నా, తాగుతున్నాం లాంటి వేరే పని మాట వచ్చింది. అంటే అది పని. హ్యావింగ్ నిశ్చింతగా వాడండి. యామ్ హ్యావింగ్ ఎప్పుడూ తప్పే అని కొందరు భయపెడతారు, ఆ భయం వదిలేయండి.

మూడో మెట్టు, నన్ను పడేసిన మెట్టు: హ్యాడ్.

పుస్తకాల తెలుగులో "నిన్న మీటింగ్‌లో పదిమంది ఉన్నారు" అని రాయొచ్చు. "ఇప్పుడు గదిలో పదిమంది ఉన్నారు" అనీ రాయొచ్చు. "ఉన్నారు" రెండింటికీ సరిపోతుంది. నిన్న, అప్పుడు, సెకండ్ ఇయర్‌లో అనే మాటే కాలాన్ని చెప్పేస్తుంది. అందుకే ఇంటర్వ్యూలో నేను "ఇన్ సెకండ్ ఇయర్" అన్నాను కదా, అర్థమైపోతుందిలే అనుకున్నాను. ఇంగ్లీష్ అలా వదిలిపెట్టదు. కాలాన్ని వర్బ్‌లోనే చూపించాలి.

మా బాపు మాటలో ఆ గందరగోళం లేదు. నిన్న పదిమంది "ఉండిరి", ఇయ్యాల "ఉన్నరు". జ్వరం "ఉండె", ఇప్పుడు "లేదు". కాలేజీలో చేరిన కొత్తలో ఈ "ఉండె" అంటే ఎవరైనా నవ్వుతారేమో అని దాచుకునేవాడిని. చివరికి చూస్తే హ్యాడ్‌కి సరిగ్గా సరిపోయే మాట అదే. ఆంధ్ర వైపు వాళ్లు "ఉండేది, ఉండేవి" పెట్టి చూసుకోండి. "ఉండె, ఉండేది" అంటే హ్యాడ్. "ఉంది" అంటే హ్యావ్, హ్యాజ్.

ఇప్పుడు నర్సింగ్ చెల్లె ప్రశ్నకి వద్దాం. రాత్రి జ్వరం ఉండె, పొద్దున తగ్గిపోయింది: "ది పేషెంట్ హ్యాడ్ ఎ ఫీవర్ లాస్ట్ నైట్." ఇప్పుడు ఉంది: "ది పేషెంట్ హ్యాజ్ ఎ ఫీవర్." మూడోది ముఖ్యం, మూడు రోజుల నుంచి ఉంది, ఇంకా తగ్గలేదు: "ది పేషెంట్ హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్." రెండు సార్లు వచ్చిందేంటి అని కంగారు పడకండి. మొదటి హ్యాజ్ అప్పటి నుంచి ఇప్పటిదాకా వేసిన వంతెన, రెండో హ్యాడ్ అసలు వర్బ్. తెలుగులో "మూడు రోజుల నుంచి" అని వచ్చి, ఇంకా కొనసాగుతుంటే ఈ వంతెన కావాలి. ఇక "ఈజ్ హ్యావింగ్ ఫీవర్" అంటే మన దగ్గర అర్థమవుతుంది, కానీ ఇప్పుడు ఉందన్న సంగతి హ్యాజ్‌తోనే చెప్పేయొచ్చు. హ్యాజ్, హ్యాడ్ మారిపోతే మాత్రం వినే సిస్టర్‌కి జ్వరం ఉన్నట్టా, తగ్గినట్టా తెలియదు. నా విషయంలో ఉద్యోగం పోయింది. నీ విషయంలో ఒక మనిషికి ఇవ్వాల్సిన మందు ఆలస్యం కావచ్చు. కాబట్టి ఈ మూడు వాక్యాలు నోటికి రావాలి చెల్లె.

నాలుగో మెట్టు: లేదు, ఉందా?

"నా దగ్గర చిల్లర లేదు": "ఐ డోంట్ హ్యావ్ చేంజ్." "ఆమెకి టైమ్ లేదు": "షి డజంట్ హ్యావ్ టైమ్." "అప్పుడు నా దగ్గర డబ్బులు లేకుండె": "ఐ డిడంట్ హ్యావ్ మనీ దెన్." గమనించారా, డోంట్, డజంట్, డిడంట్ ఏది వచ్చినా పక్కన హ్యావ్ ఒక్కటే. "డజ్ షి హ్యాజ్", "డిడ్ యు హ్యాడ్" అనొద్దు. ఒక వాక్యానికి ఒక టికెట్ చాలు, డజ్ ఆ టికెట్ తీసేసుకుంది, హ్యావ్‌కి మళ్లీ అక్కర్లేదు. "తిన్నావా?" అని అడగాలంటే "ఆర్ యు హ్యాడ్ లంచ్" కాదు. "డిడ్ యు హ్యావ్ లంచ్?" లేదా "హ్యావ్ యు హ్యాడ్ లంచ్?" రెండూ కరెక్టే.

చివరిగా ఒక మంచి సంగతి. "నేను వెళ్లాల్సి ఉంది": "ఐ హ్యావ్ టు గో." "వాడు వచ్చి ఉంటాడు": "హి మస్ట్ హ్యావ్ కమ్." మన ఉండు ఎక్కడెక్కడ వేరే వర్బ్‌కి సాయంగా నిలబడుతుందో, ఇంగ్లీష్‌లో అక్కడ చాలాచోట్ల హ్యావ్ నిలబడుతోంది. పేర్లు వేరు గానీ ఇద్దరూ ఒకే డ్యూటీ చేసే మనుషులు. అందుకే అంటున్నా, తెలుగు మీడియం అని తల దించుకోవద్దు. మీ తెలుగుని శ్రద్ధగా వింటే ఇంగ్లీష్‌లో సగం దారి అదే చూపిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. "ఐ యామ్ హ్యావింగ్" అనేది మన దేశమంతా వినపడుతుంది. మన దేశంలో ఇంగ్లీష్ ఎలా మారిందో పరిశోధించి బ్రజ్ కచ్రూ గారు 1983లో ఒక పుస్తకమే తెచ్చారు. కాబట్టి ఎవరైనా అలా మాట్లాడితే నవ్వకండి. ఆ రోజు ఇంటర్వ్యూ చివర్లో ఆయన నన్ను ఏమడిగారో తెలుసా? "ఆర్ యు హ్యావింగ్ ఎనీ క్వశ్చన్స్?" ఆయనా మనవాడే పాపం! అక్కడ నష్టం ఏమీ లేదు, నాకు అర్థమైంది. కానీ ఉన్నదా, ఉండెనా అనే దగ్గర మాత్రం అర్థమే మారిపోతుంది. తప్పుల్లో కూడా నవ్వి వదిలేసేవి కొన్ని, కూర్చుని దిద్దుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. హ్యావింగ్ నెమ్మదిగా మార్చుకోవచ్చు. హ్యాడ్ మాత్రం ఈ రోజే నేర్చుకోండి.

ఆరు నెలల తర్వాత నాకు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం వచ్చింది. ఆ ఇంటర్వ్యూలో కూడా అదే ప్రశ్న వచ్చింది. "ఐ హ్యాడ్ టూ, సర్. ఐ డోంట్ హ్యావ్ ఎనీ నౌ." చెప్పి బయటికొచ్చి ముందు బాపుకే ఫోన్ చేసిన.

ఇక హోంవర్క్. ఈ ఐదు వాక్యాలు ఇంగ్లీష్‌లో చెప్పి చూడండి. ఒకటి, మా ఇంట్లో రెండు బర్రెలు ఉండె. రెండు, మా చెల్లెకి పొద్దుటి నుంచి తలనొప్పి ఉంది. మూడు, ఆయన చాయ్ తాగుతున్నారు, పది నిమిషాలు ఆగండి. నాలుగు, మీ దగ్గర ఐదు వందలకు చిల్లర ఉందా? ఐదు, రేపు నేను కాజీపేట స్టేషన్‌కి వెళ్లాల్సి ఉంది. ముందు ఇంటి తెలుగులో ఒకసారి బయటికి అనండి, చెవితో వినండి, తర్వాత ఇంగ్లీష్‌లోకి రండి. "కలిగి ఉన్నాను" మాత్రం మధ్యలోకి రానివ్వకండి.

జవాబులు వచ్చే ఎపిసోడ్ మొదట్లోనే చెప్తాను. అప్పటిదాకా సెలవు. ఉంటా మరి, నమస్తే.